పందొమ్మిది పాటల ఆంటీ

లండన్ అంచున హారోలో తెలుగువాళ్ళు నలుగురు కలిసి టీ తాగుతుంటే, మూడో బిస్కెట్ దగ్గరికల్లా ఒక కథ వస్తుంది. ఒక ఆంటీ ఉండేదట. కారులో ఎప్పుడూ ఒకటే సీడీ వినేదట, స్వీడన్ బృందం ఒకదాని హిట్ పాటలన్నీ పోగుచేసిన ఆల్బమ్. ఒక ఆదివారం చర్చిలో, ఆ రోజు పాడాల్సిన కీర్తనల నంబర్లు పెట్టే చెక్కబోర్డు మీద పొరపాటున ఆ సీడీలో పాటల నంబర్లు పెట్టేసిందట. సంఘమంతా పుస్తకాలు తెరిచి, ఆ నంబర్ల ప్రకారం ముందు పెళ్ళి కీర్తన, తర్వాత సమాధి కీర్తన, ఆ తర్వాత క్రిస్మస్ కీర్తన వరసపెట్టి పాడేశారట. ఆంటీ మాత్రం కళ్ళు మూసుకుని స్వీడన్ పాట పాడుకుంటూ నిలబడిందట.

ఇక్కడ అందరూ నవ్వుతారు. ఇల్ఫర్డ్‌లో కూడా నవ్వుతారని విన్నాను. లీసెస్టర్‌లో చదువుకుంటున్న మా బావమరిది కొడుకు ఈ కథ నాకే చెప్పాడు, కొత్త కథ అనుకుని.

ఆ కథ అబద్ధం. నాకెలా తెలుసంటే, దాన్ని పుట్టించింది నేనే.

ఆవిడ పోయి మూడు నెలలయింది. ఇప్పుడైనా ఆవిడ గురించి జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను. పేరు రాయను. బతికున్నప్పుడే ఆవిడకు తన పేరు నలుగురి నోళ్ళలో నానడం ఇష్టం ఉండేది కాదు. అలా నానబెట్టినవాణ్ణి నేను, కాబట్టి ఆ మాత్రం మర్యాద ఇప్పుడైనా పాటించాలి.

మొదటిసారి ఆవిడను చూసింది 2009లో, బస్‌స్టాపులో, వానలో. నేను రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలయింది. ఆఫీసు వాట్‌ఫర్డ్ దారిలో. రెండు బస్సులు మారాలి. ఉదయం ఆరూ ఇరవైకి వెండిరంగు చిన్న కారు ఒకటి నా ముందు ఆగింది. స్టీరింగ్ వెనక ఎవరూ కనపడలేదు. అద్దం దిగాక, మడతపెట్టిన దుప్పటి మీద కూర్చున్న ఒక చిన్న ఆవిడ కనిపించింది. నిలబడితే నా భుజం వరకు రాదు. నీలంరంగు యూనిఫాం, పైన స్వెటర్, స్వెటర్ మీద ఇంకో స్వెటర్.

"తెలుగేనా?" అంది.

"అవునండీ. ఎలా తెలిసింది?"

"గొడుగు సంచిలో పెట్టుకుని తడుస్తున్నావు. కొత్త గొడుగు తడిసిపోతుందని దాచుకునేది మనవాళ్ళే. ఎక్కు."

ఎక్కాను. తర్వాత పదేళ్ళు ఎక్కుతూనే ఉన్నాను. ఆవిడది రేపల్లె దగ్గర ఊరు. అక్కడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఇక్కడికి వచ్చి, మా ఆఫీసు దారిలోనే, ముసలివాళ్ళను చూసుకునే ఒక కేర్‌హోమ్‌లో పనిచేసేది. నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు. "ఏమయ్యా రాజమండ్రీ" అనేది. కోపం వస్తే "గోదారోళ్ళు" అని మొత్తం జిల్లాను కలుపుకునేది.

ఆ సీడీ ఆవిడ కొన్నది కాదు. కారుతో వచ్చింది. కారు అమ్మిన ముసలి ఇంగ్లీషావిడ దాన్ని ప్లేయర్‌లో మరిచిపోయింది. అది లోపల ఇరుక్కుపోయింది. నొక్కితే గురగురమనేది, బయటికి వచ్చేది కాదు. మెకానిక్ తీసేస్తానంటే ఆంటీ ఒప్పుకోలేదు.

"కారుతో పాటు వచ్చినవాళ్ళు. నలుగురున్నారు లోపల. ఈ చలిలో దింపేస్తామా?"

ఆ నలుగురిలో ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. మొత్తం పందొమ్మిది పాటలు. మొదటిది పియానో మీద చెయ్యి జారిపోయినట్టు మొదలవుతుంది. మా వీధి మలుపులో ఆ చెయ్యి జారకపోతే ఆవిడ కారు ముందుకు పోనిచ్చేది కాదు. "ఇంకా మొదలుకాలేదు, ఆగు" అని వెనక కారువాడు హారన్ కొడుతున్నా ఆగేది. ఆరో పాటకు రైల్వే వంతెన. తొమ్మిదికి పెద్ద రౌండెబౌట్. పదకొండో పాట మధ్యలో మా ఆఫీసు గేటు. పదేళ్ళలో ఆ పాట చివర ఎలా ఉంటుందో నేను వినలేదు. చివరికి ఇంటికెళ్ళి కంప్యూటర్లో వెతికి విన్నాను.

పాటల పేర్లు ఆవిడ పలికేది కాదు. అన్నీ నంబర్లే. ఇది వాళ్ళ చర్చి అలవాటు. వాళ్ళు పాటను పేరుతో పిలవరు. "నూట నలభై రెండు" అంటే చాలు, పుస్తకం తెరవకముందే ముసలివాళ్ళ కళ్ళు చెమర్చేవి. ఆ అలవాటుతో ఆవిడ ఈ పాటలకు కూడా నంబర్లే వాడేది. నడుం నొప్పిగా ఉంటే "ఇవాళ నేను పదమూడులా ఉన్నానయ్యా" అనేది. మా ఆవిడను మొదటిసారి చూసినప్పుడు, "మీ ఆవిడ రెండో నంబరు. నీకు ఎక్కువే" అంది.

"మరి నేనెంత ఆంటీ?"

"నీకింకా దొరకలేదు. ఏ పాటకీ నిలకడగా కూర్చోవు కదా."

ఆ పాటల మీద ఆవిడకు కొన్ని సొంత సిద్ధాంతాలు ఉండేవి. ఒకటి చెబుతాను.

"ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక్కళ్ళ ఇంగ్లీషూ అర్థమయ్యేది కాదు. సిస్టర్ ఏదో అనేది, నేను నవ్వేదాన్ని. డాక్టర్ ఏదో అనేవాడు, నేను నవ్వేదాన్ని. నర్సు చాలా సంతోషంగా ఉందని రాశారు నా రిపోర్టులో. తర్వాత ఈ కారు కొన్నా. వీళ్ళు పాడితే ప్రతి ముక్కా అర్థమైంది. ఎందుకో తెలుసా? వీళ్ళూ నేర్చుకుని పాడినవాళ్ళే. మనలాగే. నేర్చుకున్నవాళ్ళు మాట మింగరు."

నిజంగానే ఆవిడ ఇంగ్లీషు అలాగే ఉండేది. ఒక్కో మాటా కడిగి ఆరబెట్టినట్టు.

ఇంకో సిద్ధాంతం ఆ నలుగురి సంసారాల గురించి. "రెండు జంటలూ విడిపోయారంట. అయినా పక్కపక్కన నిలబడి ఒక్కళ్ళు కూడా శ్రుతి తప్పలేదు చూడు. కలిసి పాడ్డానికి మాటలు ఉండక్కర్లేదయ్యా."

శ్రుతి ఆవిడకు ప్రాణం. హారోలో తెలుగు క్రైస్తవుల సంఘం ఒక పాత ఇంగ్లీషు చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడేది. అక్కడ పన్నెండేళ్ళ పాటు పాట ఎత్తుకున్నది ఆవిడే. వాద్యం ఏమీ లేదు. హార్మోనియం పక్కన కుర్చీ ఉండేది కానీ హార్మోనియం సగం మూగది. ఆవిడ గొంతే ఆధారం. అందరికీ అందే ఎత్తులో పాట అందుకునేది. ఎవరైనా ఉత్సాహంతో పైకి లాగితే కుడి అరచెయ్యి నేలవైపు తిప్పి, నెమ్మదిగా కిందికి నొక్కేది. పొంగుతున్న పాలకు మంట తగ్గించినట్టు. ఆ చెయ్యి ఒక్క పాటకే కాదు, ఆవిడకు అన్నింటికీ ఉండేది. రోడ్డు మీద ఎవడైనా హారన్ కొడితే అద్దంలో చూస్తూ అదే చెయ్యి. నేను మా మేనేజర్ని తిడుతుంటే గేరు మీద నుంచి లేచి అదే చెయ్యి. దించు, దించు అని.

ఇక నేను చేసిన పని.

నేను హిందువుని. కానీ హారోలో క్రిస్మస్ బిర్యానీకి మతం లేదు. 2011 క్రిస్మస్‌కి మేం ఆ హాలుకు వెళ్ళాం. భోజనాల తర్వాత కుర్చీలు సర్దుతుంటే ఆంటీ కీర్తనల పుస్తకంలోంచి ఒక కాగితం జారి నా కాళ్ళ దగ్గర పడింది. దాని మీద నంబర్లు, జతలు జతలుగా. ఒక్కో వరసలో రెండేసి. ప్రతి జతలో రెండోది పందొమ్మిది దాటదు. నాకు వెంటనే వెలిగింది, అవి సీడీ పాటల నంబర్లు. కీర్తనల పుస్తకంలో స్వీడన్ పాటలు! ఆవిడ వచ్చి కాగితం నా చేతిలోంచి తీసుకుని, స్వెటర్ జేబులో పెట్టుకుంది.

అడిగుండొచ్చు. అడగలేదు. అడిగితే ఏదో మామూలు జవాబు వస్తుంది, నా జోకు పాడవుతుంది.

మూడు నెలల తర్వాత తెలుగు అసోసియేషన్ ఉగాది కార్యక్రమం. నన్ను నాటిక రాయమన్నారు. రాశాను. ఆంటీ వేషం నేనే వేశాను. మా ఆవిడ చీర, రెండు స్వెటర్లు, మూతి మీద పైటకొంగు. మోకాళ్ళు వంచి పొట్టిగా నడిచాను. కీర్తనల పుస్తకంలోంచి ఒక కాగితం తీసి, అది చూస్తూ అట్టముక్కతో చేసిన బోర్డు మీద సీడీ నంబర్లు అతికించాను. సంఘం వేషంలో ఉన్న ఐదుగురు కీర్తనల బదులు ఏవేవో పాడారు. నేను కళ్ళు మూసుకుని స్వీడన్ పాట ఎత్తుకున్నాను, గొంతు చించుకుని. జనం కుర్చీల్లోంచి జారారు. అలాంటి నవ్వు నా జన్మలో మళ్ళీ వినలేదు.

ఆంటీ మూడో వరసలో కూర్చుంది. ఒళ్ళో పులిహోర గిన్నె ఉంది. అది నాకు తెలుసు. ఆ వైపు నేను చూడలేదు. వేషం తీసి వచ్చేసరికి వెళ్ళిపోయింది. గిన్నె మా ఆవిడకు ఇచ్చి వెళ్ళింది.

సోమవారం ఆరూ ఇరవైకి కారు వచ్చింది. ఒకటో పాట అయింది, రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా అంది:

"ఆ చీర నీకు నప్పలేదయ్యా. మీ ఆవిడకే బాగుంటుంది."

నేను పెద్దగా నవ్వాను. అయిపోయిందనుకున్నాను.

అవలేదు. నాటిక సంగతి మొదటి వారం నాటికగానే ఉంది. రెండో వారానికి 'అట' అయింది. మూడో వారానికి 'నిజంగా జరిగిందట' అయింది. నాలుగో వారంలో వాట్‌ఫర్డ్‌లో ఉన్న ఒకావిడ, చర్చి మొహం చూడనిది, "మీ చర్చిలో సినిమా పాటలు పాడతారటగా?" అని పాస్టర్‌గారిని కూరగాయల షాపులో అడిగింది. పాస్టర్‌గారు మెత్తని మనిషి. ఆంటీని పిలిచి, "అక్కా, మీ కీర్తనల పుస్తకంలో ఆ పాటల నంబర్ల కాగితం ఉందంటున్నారు, నిజమా?" అని అడిగారు. ఆవిడ "ఉంది" అంది. "ఎందుకక్కా?" అన్నారు. "పని కాగితం" అంది. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. "అయితే కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండక్కా" అన్నారాయన.

ఇదంతా నాకు చెప్పింది మా అసోసియేషన్‌లో ఫొటోలు తీసే అంకుల్. ప్రతి ఫంక్షన్‌లోనూ మెడలో కెమెరాతో ఉంటాడు, ఆ చర్చిలోనూ సభ్యుడే. "ఆంటీని పాటల్లోంచి తీసేశారంట బాబూ" అన్నాడు. నేను "అయ్యో" అన్నాను. అని, టీలో పంచదార ఎక్కువైందన్నాను.

ఆ కొన్నాళ్ళు ఏడేళ్ళయ్యాయి. పాట ఎత్తుకోవడం పాస్టరమ్మగారికి వచ్చింది. ఆవిడ మంచావిడ, కానీ మొదటి చరణానికే శ్రుతిని డాబా ఎక్కించేస్తుంది. రెండో చరణానికి మగవాళ్ళు ఆగిపోయేవాళ్ళు, మూడోదానికి పిల్లలు. ఆంటీ హార్మోనియం పక్క కుర్చీ వదిలి చివరి బెంచీకి మారింది. తర్వాతి క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు ఎందుకక్కడ కూర్చున్నారని తెలియనట్టే అడిగాను.

"రేడియేటర్ ఉందిక్కడ. కాళ్ళకి వెచ్చగా ఉంది" అంది. కానీ పాట మొదలవగానే, ఒళ్ళో పుస్తకం చాటున, అరచెయ్యి కిందికి తిరిగింది. అక్కణ్ణుంచి ఎవరికి కనపడుతుంది?

2015లో ఆవిడ కారు, ఇక్కడ ఏటా కార్లకు పెట్టే ఎంఓటీ పరీక్ష తప్పింది. బాగుచేసే వరకు వారం రోజులు నా కారులో దించాను. అప్పటికి నేనూ కారు కొన్నాను, ఆఫీసుకు మాత్రం ఆవిడ కారులోనే. నా కారులో ఏ పాటా ఉండేది కాదు, రేడియో వార్తలు తప్ప. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, పెదాలు కదుపుతూ కూర్చునేది. రౌండెబౌట్ దగ్గర "తొమ్మిది" అనేది తనలో తను.

మూడో రోజు దిగి వెళ్ళాక చూస్తే కళ్ళజోడు సీటు మీద ఉంది. ఇవ్వడానికి లోపలికి వెళ్ళాను. రిసెప్షన్‌లో అమ్మాయి నా పేరు రాయించుకుని లాంజ్ చూపించింది. అక్కడ ఒక పెద్దాయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని లేవనంటున్నాడు. ఇద్దరు కేరర్లు ఆయన్ని బ్రతిమాలుతున్నారు. ఒకమ్మాయి మోచేతి మీద ఎర్రగా గీరుకుపోయి ఉంది. ఆంటీ చిన్న సీడీ ప్లేయర్ బల్ల మీద పెట్టి, ఒక కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూస్తోంది.

"వచ్చావా! కళ్ళజోడు తర్వాత. ముందిది చదువు. నాలుగో గదికి ఎంతుంది?"

కాగితం నా చేతిలో పెట్టింది. పాతబడి మడతల దగ్గర చిరిగి, టేపు అతికించి ఉంది. జతలు జతలుగా నంబర్లు. నాకు తెలిసిన కాగితమే.

"పద్నాలుగు" అన్నాను.

ఆవిడ పద్నాలుగు నొక్కింది. చారిటీ షాపులో కొన్న ఇంకో కాపీ అది. హారో చారిటీ షాపుల్లో ఆ ఆల్బమ్ ఎప్పుడూ మూడు కాపీలుంటాయి. అది మధ్యలో ఒక చోట గెంతేది, ఆ గెంతిన ముక్క ఆంటీ పాడి పూడ్చేది. రెండో చరణం వచ్చేసరికి ఆ పెద్దాయన వేళ్ళు వదులయ్యాయి. ఆంటీ ఆయన ముందు నిలబడి అరచెయ్యి కిందికి నొక్కుతూ, నెమ్మదిగా, నెమ్మదిగా. ఆయన లేచాడు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, రాజుగారు సభకు వెళ్ళినట్టు బాత్రూంవైపు నడిచాడు.

గది నంబర్లూ పాట నంబర్లూ నేను మార్చి రాస్తున్నాను. ఆవిడ చూస్తే అలాగే చేయమనేది.

తర్వాత కారిడార్‌లో రెండు నిమిషాలు మాట్లాడింది. ఆ అంతస్తులో ఉన్నవాళ్ళకి మనుషులు గుర్తుండరు, పిల్లల పేర్లు గుర్తుండవు. స్నానం అంటే కొడతారు. కానీ ఒక్కొక్కళ్ళకి ఒక్కో పాట దగ్గర ఒళ్ళు వదులవుతుంది. ఎవరికి ఏదో కనుక్కోవడానికి ఆవిడకు నెలలు పట్టేదట. "తొమ్మిదో గదావిడకి రెండో పాట పెడితే రెండు చేతులూ పైకెత్తి డాన్స్ చేస్తుందయ్యా. ఎత్తినప్పుడు నైటీ లాగేస్తా. ఆవిడకి తెలియను కూడా తెలియదు." ఇలా చెప్పి, స్కూల్‌పిల్లలా నవ్వింది.

ఆదివారం ఉదయం డ్యూటీ చేసి నేరుగా చర్చికి వచ్చేదట. కాగితం కీర్తనల పుస్తకంలో ఉండేది అందుకే.

"మరి ఇది పాస్టర్‌గారికి చెప్పొచ్చు కదాంటీ!"

"ఎలా చెబుతా? ఏ గదిలో ఎవరికి ఏ పాట పెడితే బట్టలు విప్పనిస్తారో చర్చిలో నిలబడి చెప్పనా? వాళ్ళ సంగతి గేటు దాటి బయటికి రాకూడదు. ఉద్యోగంలో చేరేప్పుడు సంతకం పెట్టాను. పెట్టకపోయినా చెప్పను."

"నాకు చెప్పారుగా."

"నువ్వు చూశావు కాబట్టి చెప్పా. పైగా బోర్డు మీద నంబర్లు పెట్టింది నువ్వు కదా!" అంది. కోపం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది.

"ఆ కథ నేనే కల్పించానని అందరికీ నేను చెబుతానాంటీ" అన్నాను.

"చెప్పు" అంది. కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయింది.

చెప్పలేదు. నాలుగేళ్ళు చెప్పలేదు. ఆ నాటికతో నేను అసోసియేషన్‌లో పెద్ద రచయితనైపోయాను. ఏటా ఉగాదికి "ఆ బోర్డు నాటిక లాంటిది ఇంకోటి రాయండి గురూగారూ" అనేవాళ్ళు. అదంతా అబద్ధం, అందులో ఒక మనిషి నలిగిపోయిందని ఏ మొహంతో చెప్పను? ఉగాది అయ్యాక చెబుదామనుకునేవాణ్ణి. తర్వాత దీపావళి అయ్యాక. ఆవిడ ఒక్కసారే గుర్తుచేసింది, కారులో, పదో పాట దగ్గర.

"ఏమయ్యా రాజమండ్రీ, చెప్పడం ఎండాకాలంలోపా, చలికాలంలోపా?"

"ఈ దేశంలో ఎండాకాలం ఎప్పుడొస్తుంది ఆంటీ?" అన్నాను తెలివిగా.

"అదే అనుకున్నా" అంది. ఇంకెప్పుడూ అడగలేదు. ప్రతిరోజూ ఆరూ ఇరవైకి మాత్రం మా వీధి చివర నాకోసం ఆగింది.

ఈ ఏడాది ఆవిడ గుండె ఆగిపోయింది, డ్యూటీ లేని రోజు, ఇంట్లో. ఆదరణ కూడిక అదే హాల్లో పెట్టారు. మేం వెళ్ళాం. పాస్టర్‌గారు ఆవిడ మంచితనం గురించి చెప్పి, చివర ప్రేమగా, "మన అక్క ఒకసారి బోర్డు మీద..." అని మొదలుపెట్టారు. హాలంతా తడికళ్ళతో నవ్వింది. ఆవిడ గురించి వాళ్ళ దగ్గర మిగిలిన తీపి జ్ఞాపకం అదే. నేను కల్పించినది.

నేను లేచాను. "అది జరగలేదండీ. అది నా నాటికలోది" అన్నాను.

ఇంకా ఎక్కువ నవ్వారు. నేను లేస్తే నవ్వడం వాళ్ళకి అలవాటు. "నిజమండీ, ఆవిడ బోర్డు మీద ఏ నంబర్లూ పెట్టలేదు" అన్నాను. అప్పుడు ఫొటోల అంకుల్ లేచాడు.

"అదేంటి బాబూ! నేను కళ్ళారా చూస్తేనూ! రెండు స్వెటర్లూ, పైటకొంగూ, బోర్డు మీద నంబర్లు పెడుతూ. ఫొటో కూడా తీశా. వచ్చే ఆదివారం తెస్తా చూడు."

నేను కూర్చున్నాను.

కూడిక అయ్యాక వంటగదిలో కప్పులు కడుగుతుంటే పాస్టరమ్మగారు వచ్చి పక్కన నిలబడింది. తుడిచే గుడ్డ తీసుకుని ఒక కప్పును చాలాసేపు తుడిచింది.

"నాకు తెలుసు బాబూ, జరగలేదని" అంది. "బోర్డు రోటా నాది, ఏ వారం ఎవరు నంబర్లు పెట్టాలో నేనే రాస్తా. ఆవిడ పాట ఎత్తుకునేదే కానీ బోర్డు ఏనాడూ ముట్టుకోలేదు. ముట్టుకుందామన్నా అందదు కదా."

హాల్లోకి తొంగిచూశాను. బోర్డు గోడ మీద ఉంది, పొడుగాటి ఇంగ్లీషువాళ్ళు తమ ఎత్తుకు కొట్టుకున్న మేకుకు. నాకే మడమలెత్తితే కానీ అందదు. ఏడేళ్ళుగా అందరూ ఆ బోర్డు కిందే కూర్చుని ఆ కథ చెప్పుకున్నారు.

"మరి మీరెందుకు చెప్పలేదండీ?"

"పాట నాకొచ్చింది కదా" అంది. కప్పు కింద పెట్టింది. "వచ్చే ఆదివారం నువ్వు కూడా రా. ఇద్దరం చెబుదాం."

వెళ్ళాను. ఆరాధన మొదలవకముందే పాస్టరమ్మగారు ముందుకెళ్ళి రోటా సంగతి చెప్పింది. నేను నాటిక సంగతి, కాగితం సంగతి చెప్పాను. అది పని కాగితమని, అదెలాంటి పనో నేను కళ్ళారా చూశానని, అంతకుమించి చెప్పే హక్కు నాకు లేదని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫొటోల అంకుల్ మాత్రం ఒప్పుకోలేదు. మెడలో కెమెరా ఊగుతుండగా ఒక కవరు పట్టుకుని వచ్చాడు.

"మీరంతా ఏమన్నా అనుకోండి. ఇదిగో సాక్ష్యం."

ఫొటో ముందు పాస్టర్‌గారి చేతికి వెళ్ళింది. చీర, రెండు స్వెటర్లు, మూతి మీద పైటకొంగు, ఎత్తిన చేతిలో ఒక నంబరు. ఆయన కళ్ళజోడు పైకి తోసి చూశారు. కింది అంచు దగ్గర ఆయన వేలు ఆగింది. చీర కుచ్చెళ్ళ కింద తెల్లటి పరుగు బూట్లు, పదో నంబరువి.

"ఈ బూట్లెవరివి?" అన్నారు.

"నావి" అన్నాను.

అంకుల్ ఫొటో లాక్కుని చూసుకున్నాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. "అయితే నేను చూసింది..."

"నన్నండీ. మీరంతా చూసింది నన్నే."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఫొటో చేతులు మారింది, ఒక్కొక్కళ్ళూ బూట్ల దగ్గర ఆగారు. చివరికి నా దగ్గరికొచ్చింది. స్టేజీ పక్క మెట్ల మీద నిలబడి తీసిన ఫొటో అది. నా వెనక మొదటి మూడు వరసలూ పడ్డాయి. అందరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి, ఒకాయన తల వెనక్కి పడిపోయింది. మూడో వరసలో ఆవిడ ఉంది. ఏడేళ్ళ కింద నేను చూడని ఆ వైపు ఇప్పుడు చూశాను. ఆవిడ నవ్వడం లేదు, ఏడవడం లేదు. పులిహోర గిన్నెను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి ముందుకు చాపి, అరచెయ్యి నేలవైపు తిప్పి నా వైపే చూస్తోంది. నేను గొంతు చించుకుని పాడుతున్నాను కదా. పాట చాలా పైన ఎత్తుకున్నానని చెబుతోంది.

నేను ఫొటోను పాస్టరమ్మగారికి ఇచ్చి, ఆ చెయ్యి చూపించాను. ఆవిడ చూసింది. దాన్ని తీసుకెళ్ళి సగం మూగ హార్మోనియం మీద, గోడకు ఆనించి నిలబెట్టింది. తర్వాత పాట ఎత్తుకుంది. ఎప్పటిలాగే డాబా మీద. ఒక లైను పాడి, ఫొటోవైపు చూసి, ఆగిపోయింది.

మళ్ళీ ఎత్తుకుంది, ఈసారి కింద నుంచి. మగవాళ్ళు కూడా చివరి చరణం దాకా పాడారు.